వంశవృక్షం ఎక్కించారు సరే, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

పిల్లలూ,

మన వంశవృక్షం ఆన్‌లైన్‌లో పెట్టారంట కదా, మీ మామయ్య ట్యాబ్‌లో చూపించాడు, నా పేరు మీద నొక్కితే మా పెళ్ళి ఫోటో కూడా వచ్చింది. చాలా బావుంది. కానీ నాకో సందేహం, రేపు ఆ సైట్ వాళ్ళు దుకాణం కట్టేస్తే ఏం చేస్తారు?

ఎందుకు కట్టేస్తారు అమ్మమ్మా అనకండి. మీ అమ్మావాళ్ళ కాలంలో ఆర్కుట్ ఉండేది, అందరి కబుర్లూ ఫోటోలూ అందులోనే, 2014 సెప్టెంబర్‌లో గూగుల్ మూసేసింది. మీ ఫోటోలు దింపుకోండి బాబూ అని గడువు కూడా ఇచ్చారు, ఎంతమంది దింపుకున్నారో మీ అమ్మనే అడగండి. అంతకుముందు యాహూ వాళ్ళ జియోసిటీస్, అమెరికాలో ఎంతోమంది వాళ్ళ ముత్తాతల సంగతులన్నీ కష్టపడి అందులో పేజీలుగా పెట్టుకున్నారు, 2009లో అదీ పోయింది, పాత వెబ్‌పేజీలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటివాళ్ళు పట్టుకున్నంతే మిగిలింది. అచ్చంగా కుటుంబాల కోసమే పెట్టిన మైఫ్యామిలీ డాట్ కామ్ కూడా 2014లో ఎత్తేశారు. మనం వాళ్ళ దగ్గర అద్దెకున్నట్టే, ఖాళీ చేయమంటే చేయాల్సిందే.

సైట్ ఉన్నా మనిషి ఉండాలి కదా. చందా కట్టేదీ పాస్‌వర్డ్ తెలిసిందీ మీలో ఒక్కడికే. రెండేళ్ళు వాడకపోతే అకౌంట్ తీసేయొచ్చని గూగుల్ 2023లో రూల్ పెట్టింది, అంటే వాడికేమన్నా అయితే (నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ చెప్పక తప్పదు) డ్రైవ్‌లో ఉన్నదంతా వాడితోపాటే. ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని సెట్టింగ్ ఉంటుంది, నేను చాన్నాళ్ళు కనపడకపోతే నా డేటా ఫలానా వాళ్ళకివ్వండి అని ముందే పెట్టుకోవచ్చు. ఫేస్‌బుక్‌లో అయితే మనం పోయాక మన అకౌంట్ చూసుకునేవాళ్ళని పెట్టుకోవచ్చు, లెగసీ కాంటాక్ట్ అంటారు. అందరూ పెట్టుకోండి, ఈ వారంలోనే.

ఇంక దింపుకోవడం. సైట్‌లో ఎక్స్‌పోర్ట్ కొడితే జెడ్‌కామ్ (GEDCOM) అనే ఫైల్ వస్తుంది, 1984లో మొదలైన పద్ధతి అది, ఉత్త టెక్స్ట్ కాబట్టి ఇంకో సైట్‌లోనైనా ఎక్కించుకోవచ్చు, కానీ మామూలుగా ఫోటోలు అందులో రావు, విడిగా దింపాలి. దాంతోపాటు ఒక పీడీఎఫ్ చేసి అచ్చు తీయించండి. కాయితమేంటి ఈ రోజుల్లో అని నవ్వకండి. మీ పెదతాతగారు వంశచరిత్ర పుస్తకం వేయించారు, అప్పట్లో డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ అనే కంపెనీ తెలుగు ఫాంట్స్‌తో కొట్టారు, ఆ సీడీ ఇంకా ఉంది. మొన్న మీ మామయ్య అందులోని ఫైల్ కష్టపడి తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు, స్క్రీన్ నిండా ఇంగ్లీషు అక్షరాలూ కొమ్ములూ చుక్కలూ, ఆ ఫాంట్ లేకపోతే అంతేనంట. పుస్తకం మాత్రం బీరువాలో ఉంది, అంచులు చెదలు కొట్టేసినా ప్రతి పేరూ చదవొచ్చు. అందుకని టైపు చేసేదేదైనా యూనికోడ్‌లో చేయండి, మీ ఫోన్‌లో వచ్చేది అదే.

మెకంజీ దొర ఊరూరా కైఫీయతులు, అంటే ఆ ఊళ్ళ చరిత్రలు, రాయించాడని చదువుకున్నారు కదా, ఆయన 1821లో పోయాడు, తర్వాత ఆ కాయితాలు పాడైపోతుంటే బ్రౌన్ దొర మళ్ళీ నకళ్ళు రాయించాడు. మీరు చేయాల్సిందీ అదే, డిస్క్ పాతబడేలోపు ఇంకోదాంట్లోకి ఎక్కించడం. మూడిళ్ళలో మూడు కాపీలు ఉంచండి. ఏటా తద్దినం రోజు అందరూ ఇంట్లోనే ఉంటారు కదా, భోజనాలయ్యాక తెరిచి చూసుకోండి. ఆ రోజు మూడు తరాల పేర్లు చెప్తారు, నాలుగో తరం పేరడిగితే కర్తతో సహా అందరూ పైకప్పు చూస్తారు.

పెదతాతగారి పుస్తకంలో నాకు నచ్చనిది ఒకటుంది. కొడుకుల కింద కొమ్మలు పోతూనే ఉంటాయి, ఆడపిల్ల దగ్గరకొచ్చేసరికి పేరు రాసి ఆపేశారు. కోడళ్ళకైతే పుట్టింటి ఇంటిపేరు కూడా లేదు, మా అత్తగారు ఎవరమ్మాయో అందులో వెతికినా దొరకదు. మీరు రాయండి, పుట్టింటి ఇంటిపేరు, ఊరు, గోత్రం అన్నీ. ఇంకోటి, తాత పేరు మనవడికి పెట్టడం మనకలవాటు, మన చెట్టులో ఒకే పేరు నాలుగుసార్లుంది, ఆ సైటేమో ఇద్దరూ ఒకరేనా కలిపేయమంటారా అని అడుగుతుంది. కలిపేయమని నొక్కారో, తాతా మనవడూ ఒకే మనిషైపోతారు. పేరు పక్కన భార్య పేరు రాస్తే ఆ గొడవుండదు.

ప్రతి సంగతి పక్కనా ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో కూడా రాయండి. మా చిన్నతాతగారు కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్ళారు, అంతవరకు అందరిదీ ఒకే మాట. 1942లో జపానోళ్ళ బాంబులకి జనంతోపాటు అడవుల్లో నడిచొచ్చారని మా అమ్మ చెప్పేది, కాదు అంతకుముందే ఓడలో వచ్చేశారని మా మేనత్త. ఏది నిజమో తేల్చేయాలని చూడకండి, రెండూ రాసి చెప్పినవాళ్ళ పేర్లు పెట్టండి, రేపెవరికైనా కాయితం దొరికితే అప్పుడు వాళ్ళే తేలుస్తారు. మేనత్త గొంతు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో ఉందని చిన్నోడన్నాడు, ఫోన్ మార్చేలోపు దాన్ని బయటకి తీయమనండి.

బతికున్నవాళ్ళ పుట్టినతేదీలు మాత్రం అందరికీ కనపడేలా పెట్టకండి, మోసాలు చేసేవాళ్ళకి అవే కావాలి.

దసరాకి వచ్చేటప్పుడు స్కానర్ తెండి. ఆల్బమ్‌లో ఫోటోలు పీకొద్దు, చిరుగుతాయి, ఆల్బమ్‌తోనే స్కాన్ చేయండి. విడిగా ఉన్నవాటి వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో రాద్దాం, బాల్‌పెన్ వద్దు, ముందువైపు అచ్చుపడుద్ది. గ్రూప్ ఫోటోలో కింద కూర్చున్న ఇద్దరు పిల్లలు ఎవరో నాకూ తెలీదు, మీ పెద్దత్తని అడగాలి, ఆవిడకి పొద్దున పూట అయితే బాగా గుర్తుంటాయి.

ఇట్లు,
మీ అమ్మమ్మ, మామ్మ (ఎవరికేదైతే అది)