కోడ్లు బట్టీ పట్టడం కాదు, చార్ట్ చదవడం: మెడికల్ కోడింగ్‌లో కొత్తవాళ్ల అపోహలు - వాస్తవాలు

చార్టులు, అంటే పేషెంట్ల రికార్డులు చదివి వాటిలోని జబ్బులకి, చికిత్సలకి కోడ్లు ఇవ్వడం నా రోజువారీ పని, కొత్తగా చేరినవాళ్లకి నేర్పడం కూడా అందులో భాగమే. ప్రతి బ్యాచ్‌లోనూ మొదటి వారం అవే మాటలు వింటాను. కొన్ని ఊరికే టెన్షన్ పెడతాయి, కొన్ని మాత్రం ఏళ్లు గడిచినా వదలకుండా తప్పులు చేయిస్తాయి. ఇక్కడ రాసేదంతా ఐసీడీ-10-సీఎం గురించి, అంటే అమెరికా రికార్డులకి జబ్బుల కోడ్లు ఇచ్చే పుస్తకం గురించి.

అపోహ: డెబ్బై వేల కోడ్లు నోటికి రావాలి.

ఎవరికీ రావు, రానక్కర్లేదు. కోడర్లకి సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్షే చూడండి, 100 ప్రశ్నలు, 4 గంటలు, కోడ్ల పుస్తకాలు ముందు పెట్టుకునే రాస్తారు. రోజూ తగిలే ఈ11.9 (టైప్ 2 షుగర్), ఐ10 (బీపీ) లాంటివి వాటంతటవే గుర్తుండిపోతాయి, నన్నడిగితే అలా గుర్తుండిపోయిన కోడ్‌తోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకో చివర్లో చెప్తాను. నేర్చుకోవాల్సింది వెతికే పద్ధతి. ముందు ఇండెక్స్‌లో జబ్బు పేరు పట్టుకోవాలి, తర్వాత కోడ్లు వరుసగా ఉండే టాబ్యులర్ లిస్టులో ఆ కోడ్ దగ్గరికి వెళ్లి దాని పైన, కింద ఉన్న సూచనలన్నీ చదవాలి. ఇండెక్స్‌లో దొరికింది కదా అని అక్కడే ఆగిపోతే సగం పనే చేసినట్టు.

అపోహ: చిన్న గాయాల రికార్డులు చాలా సులువు.

చిన్నవే, కానీ ప్రతి మాటా లెక్కలోకి వస్తుంది. ఒక రికార్డు ఇలా ఉందనుకుందాం: కుడి హ్యాండ్‌కి గాజు తగిలి తెగింది, గాయం 3 సెంటీమీటర్లు, లోపల గాజు ముక్కలేమీ లేవు, కడిగి పైపొరలో మామూలు కుట్లు వేశారు. దీని కోడ్ ఎస్61.411ఏ. ఎస్61 అంటే మణికట్టు, హ్యాండ్, వేళ్ల మీద పడిన గాయాలు. పాయింట్ తర్వాత 4 అంటే హ్యాండ్, 1 అంటే లోపల ఏమీ ఇరుక్కోకుండా తెగింది, ఆ తర్వాతి 1 అంటే కుడి వైపు. అదే లోపల గాజు ముక్క ఉండి ఉంటే ఎస్61.421ఏ అయ్యేది, ఒక్క అంకె తేడా. కుట్లకి సీపీటీ (చేసిన చికిత్సకి ఇచ్చే వేరే కోడ్ల పుస్తకం) కోడ్ 12002, ఎందుకంటే 2.5 సెంటీమీటర్ల వరకే 12001. డాక్టర్ గాయం పొడవు రాయడం మర్చిపోతే ఈ రెండింట్లో ఏదో మనం తేల్చలేం.

తెలుగువాళ్లం తరచూ పడే పొరపాటు ఇక్కడే ఉంది. మనకి చెయ్యి అంటే భుజం నుంచి వేలికొస దాకా అంతా చెయ్యే, కాలు అంటే తొడ నుంచి పాదం దాకా అంతా కాలే. పుస్తకానికి అలా కుదరదు: పై చేయి ఎస్41, మోచేయి, ముంజేయి ఎస్51, మణికట్టు నుంచి కిందికి ఎస్61. కాలికి కూడా తొడ ఎస్71, మోకాలు, పిక్క ఎస్81, చీలమండ, పాదం ఎస్91. రికార్డులో హ్యాండ్ అని కనబడగానే మనసులో చెయ్యి అని అనువదించుకుని కోడ్ వెతకొద్దు, డాక్టర్ ఏ భాగం రాశారో ఆ భాగం దగ్గరికే వెళ్లండి.

కోడ్ చివర ఉన్న 'ఏ' (A) అక్షరం గురించి కూడా ఒక అపోహ ఉంది, మొదటిసారి వస్తే 'ఏ', రెండోసారి వస్తే 'డీ' (D) అని. కాదు. గాయానికి అసలు చికిత్స జరుగుతున్నంత కాలం, వేరే డాక్టర్ చూసినా సరే, 'ఏ' ఇవ్వాలి. మానే దశలో కుట్లు విప్పించుకోవడానికి వస్తే అప్పుడు ఎస్61.411డీ. కుట్లు విప్పడానికి జెడ్48.02 అని వేరే కోడ్ కనిపిస్తుంది, కొత్తవాళ్లు సంతోషంగా దాన్నే తీసుకుంటారు, కానీ గాయాల తర్వాతి సంరక్షణకి ఆ జెడ్ కోడ్లు వాడకూడదు.

అపోహ: రిపోర్టులో కళ్లకి కనిపిస్తోంది కదా, కోడ్ చేసేయొచ్చు.

నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టి నేర్పేది ఇదే. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు నాకొక సర్జరీ చార్ట్ వచ్చింది. హిమోగ్లోబిన్ 7.2, రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు, డాక్టర్ మాత్రం ఎక్కడా ఎనీమియా (రక్తహీనత) అని రాయలేదు. రక్తం కూడా ఎక్కించాక ఇంకా అనుమానం ఏముంటుందని డీ64.9 (ఏ రకమో చెప్పని ఎనీమియా) ఇచ్చేశాను. ఆడిట్‌లో తప్పన్నారు. నాకు చాలా బాధేసింది. మా సీనియర్ పక్కన కూర్చుని డాక్టర్‌కి క్వెరీ, అంటే రికార్డులో స్పష్టంగా లేనిదాని గురించి ప్రశ్న, ఎలా రాయాలో చూపించారు. ఎనీమియా అని రాయండి అని అడగకూడదు, ఈ విలువలున్నాయి, ఈ చికిత్స ఇచ్చారు, ఇది ఏ పరిస్థితికో తెలియజేయండి అని అడగాలి. జవాబు రెండు రోజులకి వచ్చింది, హఠాత్తుగా రక్తం పోవడం వల్ల వచ్చిన ఎనీమియా అని. దానికి కోడ్ డీ62. అంటే నా ఊహ దగ్గరగానే ఉన్నా కోడ్ తప్పే. జబ్బు పేరు పెట్టడం డాక్టర్ పని, ఆ పేరుకి సరైన కోడ్ ఇవ్వడం మన పని.

ఇన్సులిన్ వాడుతున్నారు కాబట్టి టైప్ 1 అనుకోవడం కూడా ఇలాంటి ఊహే. ఏ టైపో రాయకపోతే ఈ11 కిందే తీసుకోవాలి, దీర్ఘకాలం ఇన్సులిన్ వాడుతుంటే జెడ్79.4 కలపాలి.

అపోహ: న్యుమోనియా అనుమానం అని రాస్తే న్యుమోనియా కోడే.

ఓపీ అయితే కాదు. అక్కడ అనుమానం, బహుశా లాంటి మాటలుంటే జబ్బుని వదిలేసి దగ్గు ఆర్05.9, జ్వరం ఆర్50.9 లాంటి లక్షణాలే ఇవ్వాలి. అదే అడ్మిట్ అయిన పేషెంట్‌కి డిశ్చార్జ్ నాటికి కూడా డాక్టర్ బహుశా న్యుమోనియా అనే రాస్తే, ఉన్నట్టే లెక్కేసి జే18.9 ఇస్తాం. ఓపీ పేషెంట్‌కి లేని జబ్బు అంటగడితే అది ఆ మనిషి రికార్డులో ఉండిపోతుంది, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

అపోహ: సైన్స్ డిగ్రీ లేకపోతే రాదు.

శరీర నిర్మాణం తెలియాలి, కానీ అది నేర్చుకుంటే వచ్చేదే. ఎక్టమీ అంటే తీసేయడం, ఆస్టమీ అంటే ద్వారం పెట్టడం, ఓటమీ అంటే కోయడం, ఇలా పదాల తోకలు పట్టుకుంటే చాలా దూరం వెళ్లొచ్చు. స్పెల్లింగ్ మాత్రం వదలొద్దు. ఇలియం అని పలికే పదాలు రెండున్నాయి, మధ్యలో ఇంగ్లిష్ 'ఈ' (ileum) ఉంటే చిన్నపేగు చివరి భాగం, 'ఐ' (ilium) ఉంటే తుంటి ఎముక.

అపోహ: ఐసీడీ-11 వచ్చేసింది, 10 నేర్చుకోవడం దండగ.

ఐసీడీ-11 అమల్లోకి వచ్చింది 2022 జనవరి 1న, నిజమే. అయితే ప్రపంచ ఆరోగ్య అసెంబ్లీ 1990లో ఆమోదించిన ఐసీడీ-10కి అమెరికా మారింది 2015 అక్టోబర్ 1న. ఇక 11కి మారడానికి ఎంత కాలం పట్టొచ్చో మీరే లెక్క వేసుకోండి.

అపోహ: మూడు జబ్బులుంటే దేని కోడ్ దానికి రాసేస్తే సరి.

గుర్తుండిపోయిన కోడ్లు ఇక్కడే దెబ్బ కొడతాయి. రికార్డులో టైప్ 2 షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు స్టేజ్ 4 అని ఉంది. చెయ్యి దానంతటదే ఈ11.9, ఐ10, ఎన్18.4 అని రాసేస్తుంది. వీటిలో మొదటి రెండూ తప్పు. ఊహించొద్దని పైన అంత గట్టిగా చెప్పాను కదా, ఇక్కడ మాత్రం పుస్తకమే సంబంధం కలపమంటుంది: షుగర్‌తో పాటు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉంటే, రెండిటికీ సంబంధం లేదని డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఈ11.22 ఇవ్వాలి. బీపీకీ ఇదే నియమం, అది ఐ12.9 అవుతుంది. ఎన్18.4 ఒక్కటే అలాగే ఉంటుంది, అదీ స్టేజ్ 4 అని రాసి ఉంది కాబట్టి. అది లేకుండా ల్యాబ్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) 22 అని మాత్రమే ఉంటే స్టేజ్ మనం నిర్ణయించలేం, మళ్లీ క్వెరీ రాయాల్సిందే.