ఫ్రిజ్ పక్కన గోడకున్న డబ్బా

పెద్దోడికీ చిట్టితల్లికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో ఫ్రిజ్ పక్కన గోడకున్న ఆ డబ్బా ఏంటని అడిగారు కదా, తాతయ్య పక్కనే ఉన్నారని మాట మార్చేశాను. అది ఏఈడీ, గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే యంత్రం. గుండెపోటు వచ్చి స్టెంట్ వేశాక తాతయ్యకి గుండె రక్తాన్ని పంప్ చేసే శక్తి తగ్గింది, ఇంకా తగ్గితే ఛాతీలోనే చిన్న షాక్ యంత్రం పెట్టాల్సి రావచ్చని డాక్టరుగారు అన్నారు. అది విని మామయ్య ఇది కొని పంపాడు.

గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటి కాదమ్మా. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది, నొప్పి, చెమటలు ఉంటాయి, కానీ మనిషి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు. అప్పుడు ఈ డబ్బాతో పని లేదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. గుండె ఆగితే మాత్రం మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు, తట్టి పిలిచినా పలకడు, ఊపిరి ఆడదు, లేదా గురకలాగా ఎప్పుడో ఒకసారి ఎగశ్వాస వస్తుంది. అది చూసి ఊపిరి ఉందిలే అని ఊరుకోకండి. చాలామందిలో అప్పుడు గుండె కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతూ ఉంటుంది, షాక్ ఆ వణుకును ఆపితే గుండె మళ్లీ తన లయ అందుకోవచ్చు. ఏమీ చేయకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది.

డబ్బా వచ్చేసిందన్న ధైర్యంతో నెల రోజులు నేను సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కడం, నేర్చుకోలేదు. అది తప్పు. 2008లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధనలో, గుండెపోటు వచ్చి కోలుకున్న 7 వేల మందిని తీసుకుని సగం మంది ఇళ్లలో ఈ యంత్రం పెట్టారు, మిగతా ఇళ్లవాళ్లకు సీపీఆర్ మాత్రమే నేర్పారు. యంత్రం ఉన్న ఇళ్లలో మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. చాలాసార్లు గుండె ఆగినప్పుడు పక్కన చూసేవాళ్లే లేరు మరి. అది చదివాక తాతయ్యని బాత్‌రూమ్ గడియ పెట్టుకోవద్దని చెప్పాను, నేనూ ఛాతీ నొక్కడం నేర్చుకున్నాను.

మీరిద్దరూ ఇక్కడున్నప్పుడు అలా జరిగితే చిట్టితల్లి 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి డబ్బా తేవాలి. పెద్దోడు తాతయ్యని మంచం మీద ఉంచకుండా నేల మీదికి దించి, ఛాతీ మధ్యలో అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగం పెట్టి, రెండో చెయ్యి దాని మీద వేసి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా నొక్కాలి. పక్కటెముక విరుగుతుందేమోనని ఆగొద్దు నాన్నా, విరిగినా అతుక్కుంటుంది. డబ్బా రాగానే మూత తీస్తే అదే మాట్లాడుతుంది. మనది ఇంగ్లీషులో చెబుతుంది, ఆ కంగారులో నాకు అర్థం కాకపోవచ్చు, మీకు అర్థమవుతుంది, అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను. ఛాతీ తడిగా ఉంటే తుడిచి, ఒక ప్యాడ్ తాతయ్య ఛాతీకి కుడివైపు పైన, కాలర్ బోన్ కింద, రెండోది ఎడమ చంక కింద అతికించాలి. ప్యాడ్ల మీద బొమ్మలుంటాయి. గుండెను అది పరీక్షించేటప్పుడు, షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ తాతయ్యని ముట్టుకోకూడదు. బటన్ నొక్కమన్నప్పుడే నొక్కాలి. షాక్ అవసరం లేని మనిషికి అది ఇవ్వదు, కాబట్టి పొరపాటు చేస్తామేమోనన్న టెన్షన్ వద్దు. షాక్ అయిన వెంటనే, లేదా షాక్ వద్దని అది చెప్పినా, తాతయ్యలో కదలిక లేకపోతే మళ్లీ నొక్కడం మొదలుపెట్టాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు గట్టి దిండు మీద ముగ్గురం సాధన చేద్దాం. ప్యాడ్ల కవరు మాత్రం చింపకండి, గాలి తగిలితే జిగురు ఆరిపోతుంది. వాటి గడువు తేదీ వంటింటి క్యాలెండర్ మీద రాసి పెట్టాను, రాగానే ఒకసారి చూసి నాకు గుర్తు చేయండి.

మీ అమ్మమ్మ