తొందరగా ఊరటనిచ్చే మాత్రతోనే జాగ్రత్త

కల్తీ కల్లు మీద దాడులు జరిగి దుకాణాలు మూతపడితే, కొద్దిరోజుల్లోనే హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఒకే తీరు లక్షణాలతో మనుషులు వస్తుంటారు. చేతులు వణుకుతుంటాయి, కంటి మీద కునుకు ఉండదు, లేనివి కనబడతాయి, కొందరికి మూర్ఛ కూడా వస్తుంది. కల్లులో కలిపిన అల్ప్రాజోలం, డయజిపాం వంటివి ఒక్కసారిగా ఆగిపోవడమే ఇందుకు ప్రధాన కారణం. ఆందోళనకు డాక్టర్లు రాసే మాత్రల్లో ఉండేవీ అవే. మోతాదు ఎంత, ఎన్నాళ్లు వాడాలి, ఎలా ఆపాలి అనేది ఒకరి అదుపులో ఉన్నంతకాలం అవి మందులు.

ఈ కుటుంబాన్ని బెంజోడయజిపైన్లు అంటారు. లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన మొదటిది 1960లో అమ్మకానికి వచ్చింది, 1963లో డయజిపాం వచ్చింది. నరకణాల ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనం మన మెదడులో ఉంటుంది. ఈ మందులు దాని బలాన్ని పెంచుతాయి. గంటలోపే ఆందోళన సర్దుకుంటుంది. అంత త్వరగా పనిచేసేదాన్ని ఎవరు కాదంటారు? కానీ వారాల తరబడి రోజూ వేసుకుంటే మెదడు దానికి అలవాటు పడుతుంది.

థెరపీతో, అంటే మాటలతో, అభ్యాసంతో చేసే మానసిక చికిత్సతో, దీనికి పేచీ ఎక్కడ వస్తుందో 1997లో ప్రచురించిన ఒక ప్రయోగం చూపిస్తుంది. విమానమంటే భయపడే 28 మంది మహిళల్లో కొందరికి అల్ప్రాజోలం, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి విమానం ఎక్కించారు. మందు పడినవారు తమకు భయం తగ్గిందన్నారు. వారి గుండె మాత్రం రెండో జట్టు వారికంటే వేగంగా కొట్టుకుంది. వారం తర్వాత ఏ మందూ లేకుండా మళ్లీ ఎక్కించారు. అల్ప్రాజోలం జట్టులో మొదటిసారి పానిక్ (ఒక్కసారిగా ముంచెత్తే తీవ్ర భయం) వచ్చినవారు 7 శాతం, రెండోసారి 71 శాతం.

భయానికి చేసే థెరపీలో కీలకమైన భాగం, భయపడే చోటికి మెట్టుమెట్టుగా వెళ్లి, దడ పెరిగినా అక్కడే నిలబడటం. సాయంత్రం రద్దీలో అమీర్‌పేట మెట్రో స్టేషనే తీసుకోండి. అరచేతులు చెమటలు పడతాయి, ఊపిరి ఆడనట్టుంటుంది, రెండు రైళ్లు వెళ్లిపోతాయి. మూడో రైలు వచ్చేసరికి దడ కొంత దిగుతుంది. ‘నాకేమీ కాలేదు’ అని మెదడు నేర్చుకునేది అప్పుడే. మాత్ర వేసుకుని నిలబడితే ‘మాత్ర ఉండబట్టి గట్టెక్కాను’ అని నేర్చుకుంటుంది. మింగకపోయినా సరే, జేబులో ఉంటేనే ఇల్లు కదిలేవారున్నారు. ఆ సంగతి థెరపిస్టుకు చెప్పాలి. అలాగని మందే వద్దనను. థెరపిస్టు గడప దాకా కూడా రాలేనంత ఆందోళనలో ఉన్నవారికి తొలి వారాల్లో అది అవసరమే.

ఆందోళనకే రాసే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు ఈ కుటుంబానివి కావు, వాటి తీరు వేరు. వాటి ఫలితం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, అలజడి ఎక్కువ కావచ్చు. ‘నాకు పడలేదు’ అని చాలామంది పక్కన పెట్టేసేది అప్పుడే. చిన్న వయసువారిలో తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయేమో ఇంట్లోవారు కనిపెట్టుకుని ఉండాలి. ఇవి థెరపీతో బాగా కలుస్తాయి. అమెరికాలో ఆందోళన జబ్బున్న 488 మంది పిల్లలపై జరిపి 2008లో వెల్లడించిన అధ్యయనంలో సెర్ట్రలిన్, థెరపీ రెండూ అందినవారిలో 81 శాతం మెరుగుపడ్డారు. థెరపీ ఒక్కటే అయితే 60, మందు ఒక్కటే అయితే 55 శాతం.

మన దగ్గర ఎస్సిటలోప్రామ్, క్లోనజిపాం కలిపిన మాత్ర విరివిగా దొరుకుతుంది. నాకు దాని మీద సదభిప్రాయం లేదు. మొదటిది నెలల తరబడి వాడాల్సినది, రెండోది బెంజోడయజిపైన్, సాధారణంగా కొన్ని వారాల్లో ముగించాల్సినది. రెంటినీ ఒకే బిళ్ళలో బిగిస్తే ఒకటి ఉంచి మరొకటి తగ్గించడం ఎలా? మీ స్ట్రిప్పు వెనక రెండు పేర్లుంటే, క్లోనజిపాం ఎప్పటిదాకా అని డాక్టరును అడగండి.

అల్ప్రాజోలం, డయజిపాం అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, ఇచ్చిన పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలని మందుల షాపులకు 2014 నుంచి నిబంధన ఉంది. తెలిసిన ముఖమని చీటీ లేకుండా ఇచ్చే షాపతను మీకు మేలు చేస్తున్నట్టు కాదు. ఈ మాత్రలతో మద్యం, ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, కోడీన్ దగ్గు మందు కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. చాలామందికి తట్టనిది ఇంకొకటుంది: తామరకు రాసే ఇట్రకొనజోల్. అది అల్ప్రాజోలాన్ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు, మామూలు మోతాదే ఎక్కువైపోతుంది. చర్మ వైద్యుడికీ మీ మందుల పేర్లు చెప్పాలి.

థెరపీ చేసే సైకాలజిస్టు సాధారణంగా మందులు రాయరు, రాసే సైకియాట్రిస్టు మరో పేటలో ఉంటారు. ఇద్దరి మధ్య కబురు మోసేది రోగే. కాబట్టి ఏ మాత్ర, ఏ వేళకు, ఎప్పుడు తగ్గించబోతున్నారు అనేవి కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది. తగ్గించడం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ రోజుల్లో నిద్ర చెదిరితే జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ పాత మోతాదు మొదలుపెట్టేస్తుంటారు. అది మందు వదలడం వల్ల వచ్చిన ఇబ్బందా, జబ్బే తిరిగొచ్చిందా అనేది డాక్టరు చూసి తేల్చాలి. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలి మానస్ 14416 ఉచితంగా పలుకుతుంది. మూర్ఛ వచ్చినా, లేనివి కనబడినా ఫోను కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.