కట్టెల హీటర్, పొగగొట్టం: అపోహలు - వాస్తవాలు

మనకు ఆషాఢ శ్రావణాలు నడిచే రోజుల్లో ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలో చలి ఎముకలు కొరుకుతుంది. ఇక్కడి లాన్సెస్టన్ నగరం చుట్టుపక్కల ఇళ్లలో కట్టెల హీటర్లు (గదిని వెచ్చబరిచే, అద్దం తలుపున్న ఇనుప పొయ్యిలు) బిగించడం, పొగగొట్టాలు శుభ్రం చేయడం నా పని. ఇక్కడ అద్దెకు దిగిన తెలుగువాళ్లూ ఫోన్ చేస్తుంటారు. తరచుగా వినే మాటలు ఇవి.

అపోహ: రాత్రి హీటర్‌లోకి గాలి వదిలే మీట మూసేస్తే కట్టె తెల్లారేదాకా నిలుస్తుంది, ఖర్చు కలిసొస్తుంది.

వాస్తవం: నేను ఎక్కువగా వాదించేది దీని మీదే. గాలి అందని కట్టె సరిగ్గా మండదు, లోలోపల రాజుకుంటూ పొగ కక్కుతుంది. ఆ పొగంతా కాలకుండా పోయిన ఇంధనమే. డబ్బు పోసి కొన్న వేడి గొట్టంలోంచి పోతోందన్నమాట. కొంత గొట్టం లోపల జిగట తారులా పేరుకుంటుంది, ఏదో ఒక రోజు అదే అంటుకుంటుంది. పొద్దున హీటర్ అద్దం నల్లబడి ఉంటే రాత్రి ఏం చేశారో అడగక్కర్లేదు. కొత్త కట్టె వేశాక 20 నిమిషాలు గాలి పూర్తిగా తెరిచి ఉంచండి. పడుకునేటప్పుడు మంటను దానంతట అదే ఆరిపోనివ్వండి. తెల్లవారుజాము చలికి ఏసీలో హీటింగ్ పెట్టుకోవచ్చు.

అపోహ: డబ్బులిచ్చి కొన్నాం కాబట్టి కట్టె ఆరే ఉంటుంది.

వాస్తవం: తేమ 20 శాతం లోపు ఉండాలి. కట్టెను చీల్చి, కొత్తగా తెరుచుకున్న వైపు తేమ మీటర్ పెట్టి చూడండి. మీటర్ లేకపోతే రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టండి. ఆరినవి ఖణేల్‌మంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. మా నాయనమ్మ వానలకు ముందే కట్టెలు వసారాలోకి చేర్పించేది. ఇక్కడా అంతే, గట్టి జాతి కట్టె ఆరడానికి ఏడాది పైనే పట్టవచ్చు.

అపోహ: పాత కంచె చెక్కలు కూడా వేసేయొచ్చు.

వాస్తవం: వద్దు. చెదలు పట్టకుండా మందు పెట్టిన చెక్కలో ఆర్సెనిక్ అనే విషం ఉండొచ్చు.

అపోహ: కొత్త మోడల్ కదా, పొగ రాదు.

వాస్తవం: 2019 నుంచి ఆస్ట్రేలియా ప్రమాణం ప్రకారం కొత్త హీటర్లలో కిలో కట్టెకు వెలువడే పొగ కణాలు 1.5 గ్రాములు మించకూడదు. అది ల్యాబ్ లెక్క. ఇంట్లో పచ్చి కట్టె వేసి గాలి మూస్తే ఆ లెక్క నిలవదు.

అపోహ: ఒక్క ఇంటి పొగతో ఊరికేమవుతుంది?

వాస్తవం: లాన్సెస్టన్ లోయలో ఉంది. చలి రాత్రి బరువైన గాలి కిందే ఆగిపోతుంది, పైన వెచ్చని గాలి మూతలా కప్పేస్తుంది. అందరి పొగా అందరి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. 2001లో ప్రభుత్వం డబ్బు సాయం చేసి హీటర్లు మార్పించడం మొదలుపెట్టింది. కట్టెలతో వెచ్చబడే ఇళ్లు 66 నుంచి 30 శాతానికి తగ్గాయి. చలికాలంలో ఘనపు మీటరు గాలిలో సన్నని ధూళి సగటున 44 నుంచి 27 మైక్రోగ్రాములకు దిగింది.

మంట వేసిన 20 నిమిషాలకు బయటికెళ్లి మీ గొట్టం వైపు చూడండి. ఇంకా పొగ కనిపిస్తే ముందు గాలి మీట తెరవండి, తర్వాత కట్టె తేమ చూడండి. రెండూ బాగానే ఉంటే, గొట్టం శుభ్రం చేయించి ఏడాది దాటిందేమో గుర్తు చేసుకోండి.