మూతి చూసి మోసపోయావు

చిన్నీ, బుజ్జీ,

తాతయ్య ఆశీస్సులు. సాతపడాలో పడవెక్కి చిలికా సరస్సులో మీరు తీసిన వీడియో చూశాను. సగం నీళ్లు, సగం బుజ్జిగాడి బొటనవేలు. అయినా చివర్లో గుండుగా బూడిదరంగు తల ఒకటి పైకొచ్చి మునిగింది చూడండి, అక్కడ ఆపి ఆపి నాలుగుసార్లు చూశాను. "దీనికి పొడుగు మూతి లేదు, ఇది డాల్ఫిన్ కాదు, పార్పస్" అని చిన్ని పూతరేకుల పెట్టె పందెం కాసిందట. పార్పస్ అంటే డాల్ఫిన్‌కి చుట్టమే, చూడ్డానికి దానిలాగే ఉండే వేరే నీటి జంతువు. ఓడిపోయావమ్మా! అది ఇరావడీ డాల్ఫినే.

నీ తప్పేం లేదులే. 1852లో మన విశాఖపట్నం రేవులో దొరికిన జంతువును బట్టే రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1866లో ఈ జాతిని వర్ణించాడు. ఆయన కూడా మొదట దానికి 'ఫోసీనా' అని పార్పస్‌ల ఇంటిపేరే తగిలించాడు. తర్వాత మార్చారనుకో. దొరికింది మన ఊళ్లో, పేరేమో బర్మా నదిది! నాకు ఇప్పటికీ ఉక్రోషమే.

మూతిని నమ్ముకుంటే ఇలాగే అవుతుంది. వీపు చూడాలి. ఇరావడీకి నడుము దాటాక చిన్న మొద్దు రెక్క ఉంటుంది. మన బంగాళాఖాతంలో తిరిగే పార్పస్‌కి అసలు వీపు మీద రెక్కే లేదు. వెన్ను వెంబడి సన్నటి గట్టు, దాని మీద కాకరకాయకి ఉన్నట్టు బుడిపెలు, అంతే. మనిషంత కూడా ఉండదు, సుమారు ఐదడుగులు. ఇరావడీ ఏడెనిమిది అడుగులు పెరుగుతుంది. వేరే సముద్రాల్లో పార్పస్‌లకు మాత్రం రెక్క ఉంటుంది, ముక్కోణంలా. చాలా డాల్ఫిన్లకు అది కొడవలిలా వెనక్కి వంగి ఉంటుంది.

అసలు గుట్టు పళ్లలో ఉంది. నాలుకతో మీ పళ్లు తడిమి చూడండి. కోరపన్ను మొనదేలి ఉందా? డాల్ఫిన్ పళ్లు ఆ తరహావి. ముందుపళ్లు పలకల్లా ఉన్నాయా? పార్పస్ పళ్లు అలా, చిన్న చిన్న పారల్లా ఉంటాయి. పడవలోంచి కనపడవు కదా అంటారేమో, నిజమే.

ఇంకోటి చెప్పాలి. చాలా డాల్ఫిన్లు ఈల వేస్తాయి, పార్పస్‌లు వెయ్యవు. అవి చేసే టిక్ టిక్ శబ్దం సెకనుకు లక్ష కంపనాలు దాటుతుంది. మన చెవికి ఇరవై వేలే గగనం. వాటిని వేటాడే ఓర్కాల చెవిన పడకుండా ఉండటానికే అంత సన్నగా పలుకుతాయని చాలామంది శాస్త్రవేత్తల ఊహ. ఓర్కా అంటే తిమింగలం అనుకునేరు, అదీ డాల్ఫినే!

బుజ్జీ, ఈసారి వేలు పక్కకి జరుపు. తల కాదు, మునిగే ముందు వీపు తియ్యి. చిన్నీ, పూతరేకులు వాడికి ఇచ్చెయ్. నాకూ రెండు ఉంచమను.

మీ తాతయ్య