మాన్యువల్‌లో ఒకటి, హ్యాంగర్‌లో ఒకటి

విమానం కూలిందనగానే మొదట పైలట్‌ను అనుమానిస్తాం, తర్వాత వాతావరణాన్ని. మరమ్మతు షెడ్డులో జరిగిన పొరపాటు బయటికి రావాలంటే దర్యాప్తు నివేదిక దాకా ఆగాల్సిందే. అలా బయటపడ్డవాటిలో చాలావరకు ఒకే తీరు కనిపిస్తుంది: రాసిపెట్టిన పద్ధతిని పక్కనపెట్టి, పని త్వరగా తెమిలే దారి పట్టడం.

1979 మే 25న షికాగోలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 గాల్లోకి లేస్తుండగా ఎడమ ఇంజను ఊడిపోయింది. నేలమీదున్న ఇద్దరితో కలిపి 273 మంది చనిపోయారు. ఇంజనును, దాన్ని రెక్కకు పట్టి ఉంచే పైలాన్‌ను విడివిడిగా దించాలని తయారీదారు మెక్‌డొనెల్ డగ్లస్ చెప్పింది. టల్సాలోని మరమ్మతు కేంద్రంలో మాత్రం రెండింటినీ కలిపే ఫోర్క్‌లిఫ్ట్‌తో దించి, ఎక్కించారు. ఒక్కో విమానానికి 200 దాకా పనిగంటలు మిగిలేవి మరి. ఆ క్రమంలో పైలాన్ వెనకభాగం దెబ్బతిని పగులు పట్టింది. ఆ పగులుతోనే విమానం ఎనిమిది వారాలు తిరిగింది. మెకానిక్కులు చాటుమాటుగా చేసిన పని కాదిది, సంస్థ ఇంజనీరింగ్ విభాగం కాగితం మీద ఆమోదించిందే. అంతకుముందే కాంటినెంటల్ సంస్థలో రెండు విమానాలకు ఇలాంటి దెబ్బే తగిలినా, నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ దాకా ఆ కబురు వెళ్లలేదు.

షికాగోలో తప్పు సంస్థ పద్ధతిదైతే, బర్మింగ్‌హామ్‌లో అది ఒక్క మనిషి చేతి మీదుగా జరిగింది. 1990 జూన్‌లో ఒక రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ షిఫ్టు మేనేజరు, మనుషులు తక్కువగా ఉండటంతో, బీఏసీ 1-11 విమానం ముందు అద్దం మార్చే పని తానే ఎత్తుకున్నాడు. ఊడదీసిన పాత బోల్టులు 7డీ రకం. ఆ అద్దానికి 8డీ వాడాలని స్టోర్స్ ఉద్యోగి చెప్పాడు. పాతవే నాలుగేళ్లు నిలిచాయి కదా అనుకున్నాడు మేనేజరు. స్టోర్స్‌లో 7డీ సరిపడా లేవు. విమానాశ్రయం మరో మూలన, కాపలా మనిషి లేని సామాన్ల అరల దగ్గరికి వెళ్లి, మసక వెలుతురులో పాత బోల్టు పక్కన పెట్టి కంటితోనే జత చూసుకున్నాడు. దగ్గరి చూపుకు కళ్లద్దాలు అవసరమైనా ఆ పూట పెట్టుకోలేదు. బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన వాటికన్నా సన్నవి. తేడా 0.66 మిల్లీమీటర్లే! మిగతా ఆరు పొట్టివి. అద్దం బిగింపును రెండోవారు తనిఖీ చేయాలన్న నియమం లేదు. జూన్ 10న మలగాకు బయల్దేరిన విమానంలో, 17,300 అడుగుల ఎత్తున ఆ అద్దం ఎగిరిపోయి, కెప్టెన్ నడుము దాకా బయటికి లాక్కుపోబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లు గట్టిగా పట్టుకున్నారు. కోపైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ బతికాడు, కొన్ని నెలలకే మళ్లీ డ్యూటీ ఎక్కాడు.

మరుసటి ఏడాది టెక్సస్‌లో అంత అదృష్టం లేదు. హ్యూస్టన్‌లో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ విమానం తోక భాగంలో, మంచు పట్టకుండా ఉంచే రబ్బరు తొడుగులు మారుస్తున్నారు. ఎడమవైపు పైన 47 స్క్రూలు ఒక షిఫ్టువాళ్లు తీశారు. తర్వాతి షిఫ్టుకు ఆ మాట సరిగా చేరలేదు, కాగితం మీదా పడలేదు. వాళ్లు ఆ స్క్రూలు బిగించకుండానే, కుడివైపు పని ముగించి విమానాన్ని వదిలారు. పొద్దున లారెడోకు క్షేమంగానే వెళ్లింది. తిరుగు ప్రయాణంలో, 1991 సెప్టెంబరు 11న, ఈగిల్ లేక్ దగ్గర కూలి 14 మంది పోయారు.

అసలు మలుపు ఈ కేసులోనే ఉందని నా లెక్క. దర్యాప్తు బోర్డు సభ్యుడు జాన్ లాబర్ సహచరులతో విభేదించి, పై యాజమాన్యం భద్రత సంస్కృతిని పెంచకపోవడాన్ని కూడా కారణాల్లో చేర్చాలని రాశారు. స్క్రూ మరిచినవాడి మీదే తప్పు రాసి ఫైలు మూసే అలవాటు అక్కడినుంచి సడలింది. ఆ కాలంలోనే కెనడాలో గోర్డన్ డుపాంట్ అలసట, ఒత్తిడి, మాట అందకపోవడం వంటి పన్నెండు కారణాలను 'డర్టీ డజన్' పేరుతో జాబితా కట్టారు. హ్యాంగర్ గోడల మీద ఆ పోస్టర్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మరమ్మతు కేంద్రాల కోసం రూపొందించిన నియమావళి సీఏఆర్-145 యూరప్ నియమాల ఒరవడిలోనే ఉంటుంది: షిఫ్టు మారేటప్పుడు పని వివరం అప్పగించాలి, మానవ లోపాలపై శిక్షణ ఇవ్వాలి. శంషాబాద్‌లోని జీఎంఆర్ మరమ్మతు కేంద్రానికైనా ఇవే వర్తిస్తాయి. పనికి సరిపడా మనుషులుండాలనీ అందులో ఉంది. తెల్లవారుజామున ఎంతమంది ఉంటే సరిపడా అన్నది మాత్రం సంస్థే వేసుకోవాల్సిన లెక్క.