కల్చర్ రిపోర్టులో ఈ.కోలై: పేరు చూసి మందు మింగకండి

"యూరిన్ కల్చర్‌లో ఈ.కోలై వచ్చిందండీ. మంట లేదు, జ్వరం లేదు. ఏ యాంటీబయాటిక్ వేసుకోమంటారు?" ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకి ఇది రోజువారీ ప్రశ్న. యూరిన్ కల్చర్ అంటే మూత్రంలోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష, ఈ.కోలై అంటే మామూలుగా మన పేగుల్లో ఉండే బాక్టీరియా. అడిగేవాళ్ల కంగారును తప్పుపట్టలేం. రిపోర్టులో బాక్టీరియా పేరు, దాని కింద పదిహేను మందుల జాబితా చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. విసుగొచ్చేదల్లా "ముందో కోర్సు వాడేయ్, పోయేదేముంది" అని సలహా పారేసేవాళ్లతోనే.

అపోహ: మూత్రంలో ఈ.కోలై కనబడితే ఇన్ఫెక్షనే, మందు పడాల్సిందే.

వాస్తవం: కనబడటం వేరు, జబ్బు చెయ్యడం వేరు. మూత్రాశయంలో ఈ.కోలై నెలల తరబడి ఉన్నా ఏ బాధా లేనివాళ్లు చాలామంది ఉంటారు. వయసు పైబడినవాళ్లలో, మధుమేహం ఉన్న ఆడవాళ్లలో ఇది మరీ మామూలు. కాథెటర్ (మూత్రం బయటికి పోయే గొట్టం) నెల దాటి ఉన్నవాళ్లలోనైతే బాక్టీరియా లేని మూత్రం దొరకడమే అరుదు.

దీని మీద జరిగిన పరిశోధన గట్టిదే. స్వీడన్‌లో ఒక బడిపిల్ల మూత్రంలో మూడేళ్లపాటు ఏ బాధా పెట్టకుండా ఉండిపోయిన ఈ.కోలై రకాన్ని వేరుచేసి 83972 అని నంబరిచ్చారు. మూత్రాశయపు గోడను పట్టుకునే సన్నని నూగులాంటి ఫింబ్రియాలను పనిచేసే స్థితిలో తయారుచేసే శక్తి దానికి పోయింది. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక పదేపదే ఇన్ఫెక్షన్లు వచ్చే రోగులకి కావాలనే దీన్ని మూత్రాశయంలోకి ఎక్కించి చూశారు. అది ఉన్నన్నాళ్లూ బాధపెట్టే ఇన్ఫెక్షన్లు తగ్గాయి. ఇటలీ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, తరచూ ఇన్ఫెక్షన్లు వచ్చే స్త్రీలు కొందరికి లక్షణాలు లేనప్పుడు కూడా యాంటీబయాటిక్ ఇచ్చారు, మిగతావాళ్లని అలాగే వదిలేశారు. ఏడాది తిరిగేసరికి మందు వాడినవాళ్లకే ఇన్ఫెక్షన్లు ఎక్కువయ్యాయి. ఊరికే పడి ఉన్నదాన్ని తుడిచేస్తే, ఆ చోటు మరింత మొండిది ఆక్రమించొచ్చు. పేగుల్లోని మంచి బాక్టీరియాకీ దెబ్బ తగులుతుంది, మందుకి లొంగని రకాలు మిగిలి పెరుగుతాయి.

మరి లక్షలు, కోట్లు అని రిపోర్టులో రాస్తారు కదా అంటారు. ఆ అంకె ఎలా వస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఒక మైక్రోలీటరు, అంటే మిల్లీలీటరులో వెయ్యోవంతు మూత్రం పట్టే తీగ లూప్‌తో అగర్ ప్లేట్ (బాక్టీరియా పెరిగే జెల్లీ పళ్లెం) మీద గీస్తాం. 35-37 డిగ్రీల దగ్గర ఓ రాత్రంతా ఉంచి, మర్నాడు కాలనీలు, అంటే ఒక్కో బాక్టీరియా పెరిగి కంటికి కనబడే చుక్కలు, లెక్కపెడతాం. మెకాంకీ అనే రకం అగర్ మీద ఈ.కోలై గులాబీ రంగులో వస్తుంది. ఒక్క కాలనీ అంటే మిల్లీలీటరుకు వెయ్యి. నూరు కాలనీలుంటే లక్ష. ఈ లక్ష గీతను 1950ల్లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ కాస్ పెట్టాడు, అదీ మూత్రంలో నిజంగా ఉన్న బాక్టీరియాను బయటినుంచి అంటుకున్నదాని నుంచి విడదీయడానికి. మందు వెయ్యాలా వద్దా అన్నది ఆ గీత ఒక్కటే తేల్చదు. మంటతో అల్లాడుతున్న యువతికి వెయ్యి వచ్చినా అది ఇన్ఫెక్షనే కావచ్చు. ఏ బాధా లేని పెద్దాయనకి లక్ష దాటినా మందు అక్కర్లేకపోవచ్చు.

పైగా ఆ లక్ష సీసాలో పుట్టిందో, ఒంట్లోదో! అనుకూలంగా ఉంటే ఈ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. బయట పెట్టిన మూత్రంలో కాస్త నెమ్మదిగా, అరగంటకోసారి అనుకున్నా, మూడు గంటల్లో 64 రెట్లు. చర్మం మీంచి పడ్డ రెండు వేలు కాస్తా 1,28,000 అవుతాయి. అందుకే శాంపిల్ జాగ్రత్తగా పట్టాలి. చేతులు, మూత్రద్వారం కడుక్కోండి. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను 20-30 మిల్లీలీటర్లు స్టెరైల్ (క్రిములు లేని) డబ్బాలో పట్టండి. మూత లోపలి వైపు వేలు తగలనివ్వద్దు. రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర, అదీ 24 గంటలకు మించకుండా. కాథెటర్ సంచిలోంచి పట్టింది పనికిరాదు. మూడు రకాల బాక్టీరియా కలిసి పెరిగాయంటే దాదాపుగా అది కలుషితమైన శాంపిలే, మళ్లీ పట్టాలి.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మంట, మాటిమాటికీ మూత్రం రావడం ఉంటే తాత్సారం చెయ్యకండి. లక్షణాలు లేకపోయినా మందు తప్పనివి ముఖ్యంగా రెండు సందర్భాలు: గర్భం, మూత్రనాళపు లోపలి పొర గీసుకునే ఆపరేషన్లకు ముందు. గర్భిణుల్లో ఇది కిడ్నీల దాకా పాకే ముప్పుంది. ఇక మూత్రం చిక్కగా ఉందనో, వాసనొస్తోందనో, చీము కణాలు కాసిని కనబడ్డాయనో కల్చర్‌కి పరిగెత్తనక్కర్లేదు. కోర్సయ్యాక బాధ తగ్గితే, గర్భిణులు కానివాళ్లు "పోయిందో లేదో" అని మళ్లీ కల్చర్ చేయించుకోవడమూ దండగే.

అపోహ: విరేచనంలో రక్తం పడితే వెంటనే యాంటీబయాటిక్, విరేచనాలు ఆగే మాత్ర.

వాస్తవం: షిగా టాక్సిన్ అనే విషం చేసే ఓ157:హెచ్7 లాంటి ఈ.కోలై రకమైతే రెండూ ప్రమాదమే. టాక్సిన్ జన్యువు బాక్టీరియాలో నిద్రపోతున్న వైరస్‌ది. కొన్ని యాంటీబయాటిక్‌లు డీఎన్‌ఏని దెబ్బతీసి ఆ వైరస్‌ని లేపుతాయి, టాక్సిన్ ఎక్కువవుతుంది. పేగు కదలికను ఆపే మాత్ర దాన్ని లోపలే నిలబెడుతుంది. చివరికి కిడ్నీలు దెబ్బతినొచ్చు. ముందు మల పరీక్ష, నీళ్లు, డాక్టరు పర్యవేక్షణ. 2011లో జర్మనీలో జనాన్ని మంచాన పడేసింది కూడా ఇలా షిగా టాక్సిన్ చేసే రకమే, ఓ104:హెచ్4. మొదట దోసకాయల మీద నింద పడింది, తీరా చూస్తే కారణం మెంతి మొలకలు.

అపోహ: ల్యాబుల్లో పెంచే ఈ.కోలై బయటపడితే అంతే సంగతులు.

వాస్తవం: ఎక్కువగా వాడే కే-12 రకాన్ని 1922లో ఒక రోగి మలంలోంచి తీశారు. తరాల తరబడి ప్లేట్ల మీద పెరిగి దాని పైపొరలోని ఓ-యాంటిజెన్ అనే భాగం పోయింది, మన పేగుల్లో సరిగా నిలదొక్కుకోలేదు. 1982లో అనుమతి వచ్చిన మానవ ఇన్సులిన్ తయారైంది ఈ వంశపు బాక్టీరియాలోనే.

అపోహ: తాగేనీటి పరీక్షలో ఈ.కోలై వస్తే ఆ నీళ్లలోనిది విషపు ఈ.కోలై.

వాస్తవం: పరీక్ష చూసేది మలం కలిసిందా లేదా అని. కలిసిందంటే దానితోపాటు ఇంకేం వచ్చాయో తెలియదు కాబట్టే, 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదన్న నియమం. అలాంటి నీళ్లని తెర్లేదాకా మరిగించి, ఒక నిమిషం అలాగే ఉంచి, మూతపెట్టి చల్లార్చి తాగండి.